కాగితం చదివిన ఆదివారం

ఏఎన్‌ఎం ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నేను రోజుకు పది అబద్ధాలకు తక్కువ చెప్పి ఉండను. పసిబిడ్డకు సూది వేసేటప్పుడు చీమ కుట్టినట్టు ఉంటుంది అంతే అంటాను. కానుపు నొప్పులతో గోల పెట్టే పిల్లకు ఇంకొక్క అయిదు నిమిషాలు ఓర్చుకో అంటాను, ఆ అయిదు నిమిషాలు తెల్లవారేదాకా సాగుతాయని తెలిసీ. వీటిని అబద్ధాలని ఎవరూ అనరు. పుష్పమ్మ నెమ్మదస్తురాలు, నోరు మంచిది అని సోమందేపల్లి చుట్టుపక్కల నాకు పేరు. ఆ మంచి నోరే మా వదినను మాకు కాకుండా చేసింది. ఈ మాట ఎవరి దగ్గర ఎత్తినా వద్దులే అని ఓదార్చి పంపేస్తున్నారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

అది చింతపండు కాలం. హిందూపురం మండీ నుంచి లగేజీ ఆటోలు చింతకాయ మూటలు తెచ్చి ఇంటింటికీ దించిపోయేవి. ఆడవాళ్ళు వసారాల్లో గుంపుగా కూర్చుని, కాయను రాతి మీద పెట్టి కొట్టి, గింజ, నార తీసి, పండును గంపలకెత్తేవాళ్ళు. మా వసారాలో అరుణ వదిన, ఎదురింటి యల్లక్క, ఇంకో ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్ళు. మధ్యాహ్నం హెల్త్ సెంటరు నుంచి వచ్చాక నేనూ ఒక రాయి ముందేసుకుని కూర్చునేదాన్ని. వీధి వీధంతా పులుపు వాసనే. మాకు అవి నలభై రోజుల శ్రమదినాలు కూడా, గుడ్ ఫ్రైడేకి ముందు వచ్చే ఉపవాసాల కాలం. చింతపండు కొడుతూ పాటలు పాడుకునేవాళ్ళం.

వదిన ధర్మవరం పిల్ల. పెళ్ళికి ముందు పట్టు మగ్గం మీద కూలికి నేసిన చేతులు ఆమెవి. మేమొక గంప నింపేలోపు రెండు నింపేది. అంతకు ముందు ఏడు ఆమె కుడి రొమ్ములో గడ్డ కనపడింది. బెంగళూరు ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు, ఆపైన ఆరు కీమోలు. ఆరోది క్రిస్మస్ ముందు అయిపోయింది. ఫిబ్రవరికల్లా ఆమె తల మీద పసిపిల్లల జుట్టులా మెత్తటి కొత్త జుట్టు మొలిచింది. వచ్చినవాళ్ళందరి చెయ్యీ పట్టుకుని తల మీద పెట్టుకుని, "చూడు, ఎట్లుండాదో" అని నవ్వేది. నా కాపురం చెడి, ట్రంకు పెట్టెతో నేను అన్న గుమ్మం ఎక్కిన రోజు ఒక్క ప్రశ్న వేయకుండా తన బీరువాలో పై అర ఖాళీ చేసిచ్చిన మనిషి ఆమె. ఆ అర ఇప్పటికీ నాదే.

యల్లక్క మా సంఘంలో పెద్దావిడ. ఉన్నదున్నట్టు మాట్లాడటం ప్రభువు తనకిచ్చిన వరమని ఆమె నమ్మకం.

"ఏమ్మే అరుణా, ఆ రోగమొచ్చినోళ్ళు బాగుపడింది నేను యాడా చూడలేదు" అంది ఒకనాడు, కాయ కొడుతూనే. "మా చిన్నాడబిడ్డ గూడా ఇట్లే, కొత్తెంటికలు వచ్చినాయని మురిసిపాయ. ఏడాది తిరక్కనే పాయ. సిద్ధపడి ఉండు తల్లీ. మనసులో ఆశ పెట్టుకోవద్దు."

వదిన చేతిలోని రాయి ఆగిపోయింది. ఆమె ఏడవలేదు. లేచి లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీకు నోరెట్లా వస్తాదక్కా? మనిషి ముఖం మీద అట్లంటారా?"

"ఉన్న నిజమే గదా చెప్పినా. నిజం చెప్తే తప్పా?"

"నీ చేతిలో రాయి ఉండేది గూడా నిజమే. ఎత్తి నెత్తినేస్తావా?"

ఆ మాటకు అందరూ నా వైపు మెచ్చుకోలుగా చూశారు. యల్లక్క ముఖం మాడ్చుకుంది. నేను గెలిచాననుకున్నాను.

నేనంత రోషపడటానికి కారణముంది. మూడేళ్ళ కిందట మా నాయనకు కిడ్నీలు చెడిపోయాయి. నాకు ఎన్నాళ్ళుండాదో చెప్పు పుష్పా అని ఆయనే అడిగాడు. అడిగాడు కదా అని చెప్పాను. రిపోర్టు చేత్తో పట్టుకుని, నిలబడి, డ్యూటీకి టైమవుతోందని గోడ గడియారం చూసుకుంటూ, "మూణ్ణెల్లు నాయనా, డయాలసిస్ చేయించుకుంటే ఇంగ కొన్నాళ్ళు" అన్నాను. ఆయన ముందున్న సంగటి ముద్దను పక్కకు నెట్టి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పదహారు రోజులు. మట్టి చేసి వచ్చిన సాయంత్రం మా అన్న మోహన్ కాళ్ళు కడుక్కుంటూ, "నోటితోనే చంపినావు గదా" అన్నాడు. మళ్ళీ ఎన్నడూ అనలేదు. అవసరం లేకపోయింది. ఆ రోజు నుంచి ఎవరి ముఖం మీదా చేదు మాట అనకూడదని తీర్మానం చేసుకున్నాను. దానికి ప్రేమ అని పేరు కూడా పెట్టుకున్నాను.

మార్చి మొదటి శనివారం అన్న బెంగళూరు పోయి వదిన స్కాను రిపోర్టు తెచ్చాడు. డాక్టరును గురువారం కలవాలి. అన్న కార్ల ఫ్యాక్టరీకి పనివాళ్ళను చేరవేసే బస్సు నడుపుతాడు, ఇంగ్లీషు చదవలేడు. నేను చూస్తానని చెయ్యి చాపితే వదిన కవరును వెనక్కి లాక్కుంది.

"ఉండుమ్మే. ముందు మందిరంలో పెట్టి ప్రార్థన చేయిద్దాం. ఆమైన తెరుద్దాం. నాకు తెలుసు పుష్పా, ఒంట్లో ఏం లేదు. రేపు సాక్ష్యం చెప్పాలనుకుంటాండా."

మా సంఘంలో అందరూ అంతే చేస్తారు. పరీక్షల హాల్ టికెట్టు అయినా, పొలం పత్రమైనా, ఆసుపత్రి కాగితమైనా ముందు పెనుకొండ మందిరంలో బల్ల మీదికి వెళ్ళాల్సిందే.

ఆ మందిరం రోడ్డు పక్కన రేకుల షెడ్డు. డేవిడ్ అయ్యగారు దాన్ని ఇరవై ఏళ్ళుగా నడుపుతున్నారు. ఆయనకొక పట్టింపు ఉంది. ఎవరైనా దేవుడు నయం చేశాడని స్వస్థత సాక్ష్యం చెప్పాలంటే ముందు డాక్టరు కాగితం చూపించాలి, దాన్ని తెలిసినవాళ్ళెవరైనా చదివి అవునని చెప్పాలి. వెనకొకసారి ఒకాయన షుగరు పోయిందని సాక్ష్యం చెప్పి, మాత్రలు మానేసి, కాలు తీయించుకున్నాడు. దేవుని పేరుతో అబద్ధం నా మందిరంలో వద్దు అని అప్పటి నుంచి అయ్యగారు ఈ కట్టుబాటు పెట్టారు.

ఆరాధనకు ముందు మందిరం పక్క గదిలో అయ్యగారు, వదిన, నేను నిలబడ్డాం. వదిన తాను నేసిన పట్టుచీర కట్టుకుంది. మగ్గం యజమాని ఆమె పెళ్ళికిచ్చిన చీర అది, తన చేతి నేతే. వాకిట్లో ఆమె కూతురు రేఖ పాటల పుస్తకం పట్టుకుని మా వైపే చూస్తోంది. ఆ పిల్లది పదో తరగతి, ఇంక రెండు వారాల్లో పరీక్షలు.

అయ్యగారు కవరు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి నాకందించారు.

"నువ్వు చదివి చెప్పు పుష్పమ్మా. బాగయ్యిందంటే ఈ పొద్దే సాక్ష్యం. కాలేదంటే అందరం ప్రార్థన చేద్దాం, మందులు వాడుకుందాం. రెండూ దేవుని పనే. ఏదైనా భయం లేదు."

కాగితం రెండు పేజీలు. మొదటి పేజీ పైన, ఆపరేషన్ చేసిన చోట గడ్డ మళ్ళీ లేదని ఉంది. పేజీ తిప్పాను. కాలేయంలో నాలుగు మచ్చలు, వెన్నులో ఒకటి. కింద గీత గీసి, వ్యాధి వ్యాపించిందని రాసి ఉంది. తలెత్తాను. వదిన నా ముఖాన్నే చూస్తోంది. ఆ చూపులో అనుమానమైనా ఉంటే నోరు తెరిచేదాన్నేమో. పండగ నాడు కొత్త చీర ఎట్లుండాదని అడిగే మనిషిలా ఉంది.

"ఆపరేషన్ చేసిన చోట ఏం లేదయ్యా" అన్నాను.

అది నిజం. రిపోర్టులో మొదటి వరుస అదే. ఆ ఒక్క వరుస చెప్పి, కాగితం మడిచి, కవరులో పెట్టి, నా సంచిలో వేసుకున్నాను. అయ్యగారు కళ్ళు మూసుకుని స్తోత్రం అన్నారు. మిగతాది గురువారం డాక్టరు చెబుతాడు, చెప్పాల్సిన నోరు ఆయనది, నాది కాదు అనుకున్నాను. నాలుగు రోజులే కదా, ఈ నాలుగు రోజులు ఆమె సంతోషంగా ఉండనీ అనుకున్నాను.

వదిన సాక్ష్యం చెప్పింది. మైకు పట్టుకోవడం చేతకాక రెండు చేతులతో గెడ్డానికి ఆనించుకుని, కీమో ఎక్కించుకున్న ఆరు దినాలూ తనతో ఎవరు మాట్లాడారో, ఏ మాట తనను పట్టి నిలబెట్టిందో చెప్పింది. "నా ఒంట్లో ఇప్పుడు ఏం లేదని కాగితమే చెప్తాండాది. మా ఆడబిడ్డే చదివింది" అంది. రేకుల కప్పు అదిరేలా చప్పట్లు కొట్టారు. యల్లక్క ముందుకొచ్చి వదిన చేతులు పట్టుకుంది. "తప్పుగా మాట్లాడినా తల్లీ, మన్నించు. ఇంగ నా నోరు అదుపులో పెట్టుకుంటా" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అందరూ సంతోషానికి అనుకున్నారు.

బుధవారం సాయంత్రం, రేప్పొద్దున ఏ బస్సుకు పోదామని అడిగాను. వదిన గంపలోని చింతపండుకు ఉప్పు చల్లుతోంది.

"యాడికి?"

"బెంగళూరుకు. డాక్టరు గురువారం రమ్మన్నాడు గదా."

"నేను రానుమ్మే."

"ఊరికే చూపిచ్చుకుని వద్దాం వదినా."

"అంతమంది ముందర నిలబడి బాగయ్యిందని చెప్పినా. మళ్ళా నేనే పోయి ఆసుపత్రి మెట్లెక్కితే ఏమన్నట్టు? దేవుడు అబద్ధమాడినాడన్నట్టు కాదా? అయ్యగారు పోవద్దనలేదు, పో అనే అన్నాడు. నాకే మనసు రాలేదు." ఆమె చేతులు దులుపుకుని నా వైపు తిరిగింది. "అయినా కాగితం నువ్వే చదివితివి గదా. ఏమన్నా ఉండాదా దాంట్లో?"

గుమ్మం అవతల రేఖ లెక్కలు వల్లె వేసుకుంటోంది. అన్న బస్సు కడుగుతున్నాడు. వదిన అడిగింది నన్ను. ఎవరూ అడ్డం లేరు. నాయన సంగటి ముద్ద నా కళ్ళ ముందుకొచ్చింది.

"అట్లేం లేదు" అన్నాను. "ఊరికే అడిగితి."

"రేఖ పరీక్షలు అయిపోనీలే. అప్పుడు పోదాం, నీ తృప్తి కోసం."

సరే అన్నాను. నిజం చెప్పాలంటే నాకే ఊపిరి పీల్చుకున్నట్టయింది. నెలాఖరుకు పరీక్షలు అయిపోతాయి, నెలలో ఏమవుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. నర్సునై ఉండి. కవరును నా సెంటరు బీరువాలో టీకాల రిజిస్టర్ల కింద పెట్టి తాళం వేశాను.

ఆ నెల సంగతి పెద్దగా చెప్పలేను. వదినకు అన్నం సయించడం తగ్గింది. ఉపవాసాలు కదా అనేది. నడుము నొప్పి అనేది. చింతపండు ముందు పొద్దస్తమానం కూర్చుంటే రాకేం చేస్తుందని నేను మాత్రలిచ్చాను. సాయంత్రాలు ఆమెకు కూతురి మీద ధ్యాస మళ్ళేది. "రేఖా, రా, తలకు నూనె పెడ్తా. కాసేపు కూర్చుందువు" అని పిలిచేది. ఆ పిల్ల మిద్దె మీద నుంచి, "పరీక్షలు మా, తర్వాత మా" అని అరిచేది. ఒకసారి వదినే మెట్లెక్కబోతుంటే నేను చెయ్యి పట్టి ఆపాను.

"దాన్ని చదువుకోనీ వదినా. పరీక్షలయినాక నీ ఒళ్ళోనే కూర్చుంటాదిలే."

ఆమె ఆయాసపడుతూ మెట్టు మీదే కూర్చుంది. "అంతేలే" అంది.

పరీక్షలు అయిపోయాయి. ఇప్పుడు పోదాం అన్నాను. పండగయినాక అంది. గుడ్ ఫ్రైడే రోజున మా మందిరంలో ఏడు మాటల ఆరాధన ఉంటుంది. సిలువ మీద పలికిన ఏడు మాటల్లో ఒక్కో మాట మీద సంఘంలో ఒక్కొక్కరు మాట్లాడాలి. సాక్ష్యం చెప్పిన మనిషి కదా అని ఆ ఏడు వదినకు అయిదో మాట ఇచ్చారు, ప్రభువు దాహమవుతోందన్న మాట. నెల ముందు నుంచీ నోట్‌బుక్కులో రాసుకుంటోంది. దాన్ని ఎగ్గొట్టి ఆసుపత్రికి ఎట్లా వస్తుంది?

ఆ రోజు మధ్యాహ్నం రేకుల కింద పొయ్యిలో ఉన్నట్టుంది. వదిన తెల్లచీర కట్టుకుని ముందుకెళ్ళింది. తెల్లచీర మీద ఆమె ముఖం రంగు అప్పుడు సరిగ్గా కనపడింది. పసుపు పూసుకున్నట్టుంది. కళ్ళు కూడా. ఇంట్లో పొద్దున్నే చూశాను ఆ కళ్ళను, మందిరానికి వచ్చే తొందరలో చూడనట్టున్నాను. నోట్‌బుక్కు తెరిచి రెండు మాటలు చదివి ఆగింది. పెదవులు తడుపుకుంది. మళ్ళీ రెండు మాటలు. "నీళ్ళు" అంది మైకులో. అది ప్రసంగంలో మాటే అనుకుని అందరూ తలలు వంచుకున్నారు. అయ్యగారు ఒక్కరే లేచి చెంబు తీసుకెళ్ళారు. ఆమెకు నీళ్ళు తాగిస్తూ కళ్ళలోకి చూశారు. తర్వాత అంతమంది తలల మీదుగా నన్ను చూశారు.

ఆరాధన అయ్యాక ఆయన నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగారు.

"పుష్పమ్మా, ఆ పొద్దు కాగితమంతా చదివినావా?"

"చదివినా అయ్యా."

"అంతా చెప్పినావా?"

నేను నేల చూశాను. ఆయన అక్కడే ఉన్న బెంచీ మీద కూర్చుని ముఖం చేతుల్లో పెట్టుకున్నారు.

ఆ సాయంత్రమే హిందూపురం తీసుకెళ్ళాం, అక్కడి నుంచి బెంగళూరు. పోతూ సెంటరు బీరువాలోంచి తీసుకున్న కవరును డాక్టరు బల్ల మీద పెట్టాను. ఆయన తేదీ చూసి అన్నతో కన్నడంలో, "మార్చినల్లి యాకె బరలిల్ల?" అన్నాడు. మార్చిలో ఎందుకు రాలేదని. అన్నకు జవాబు తెలియదు. అప్పుడే మందు మొదలుపెట్టి ఉంటే ఏడాది, కొందరికైతే రెండేళ్ళు కూడా ఉండేదని, ఇప్పుడు కాలేయం మందును తట్టుకోలేదని, ఇంటికి తీసుకెళ్ళి నొప్పి లేకుండా చూసుకోమని డాక్టరు చెప్పాడు. తిరుగు దారిలో అన్న కిటికీ అవతలే చూస్తూ కూర్చున్నాడు. ఆ కాగితంలో ముందే ఏం రాసి ఉందని అతను అడగలేదు. నేను చెప్పలేదు.

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు. రేఖకు అయిదు వందల నలభై ఒకటి. మండలంలో మూడో స్థానమని స్కూలు వాళ్ళు పిలిపించారు. ఇంట్లో వదినా నేనే ఉన్నాం. వసారా కడిగేశాం, చింతపండు అంతా మండీకి వెళ్ళిపోయింది, ఇంకా ఆ వాసన పోలేదు. వదిన మంచం మీద నుంచి కళ్ళు తెరవకుండా అడిగింది.

"ఎన్ని దినాలు?"

ఈసారి నేను నిలబడి లేను. మంచం పట్టె మీద కూర్చున్నాను. ఆమె చెయ్యి నా ఒళ్ళోకి తీసుకున్నాను. ఎముకలు చేతికి తగులుతున్నాయి.

"శానా దినాలు లేవు వదినా. రెండు వారాలు, అంతే. నొప్పి లేకుండా నేను చూసుకుంటా. నేను యాడికీ పోను. లీవు పెట్టినా."

ఆమె గోడ వైపు తిరగలేదు. తర్వాత మజ్జిగ కావాలంది. నాలుగు చెంచాలు తాగింది. చీర కొంగుతో మూతి తుడిచాను.

"ఇట్ల చెప్పింటే సరిపోతాండె గదా పుష్పా, ఆ పొద్దు" అంది.

నా చెయ్యి ఆమె మూతి దగ్గరే ఆగిపోయింది.

"నీకు ఆ పొద్దే తెలుసు గదా?"

"తెలుసు వదినా."

"నాకు భయమైతాదని అనుకుంటివా?"

"ఊ."

"అయ్యేదే. అయ్యింటే ఏమాయ? నువ్వుంటివి గదా పక్కన." ఆమెకు ఆయాసం వచ్చింది, ఆగింది. "ఆ యల్లక్క చెప్పినప్పుడు నాకు నిజం మీద కోపం రాలేదుమ్మే. పక్కన కూర్చోని చెప్పలేదని వచ్చె. నువ్వు కూర్చుంటివి, చెప్పలేదు."

నేను ఆమె కాళ్ళ మీద పడి ఏడ్చాను. ఆమె నా తల నిమిరింది. మన్నించానని అనలేదు. అనమని నేనూ అడగలేదు.

"నేను అబద్ధపు సాక్ష్యం చెప్పినట్టాయ" అంది ఇంకాసేపటికి. "తెలీక చెప్పినా. నేను పోయినాక నువ్వు మందిరంలో నిలబడి చెప్పు. దేవుడు మాట తప్పినాడని అనుకుంటారు, ఆయన నాకేం మాటియ్యలేదు. కాగితంలో ఏముండెనో చెప్పు."

పదకొండో రోజున పోయింది. ధర్మవరం నుంచి ఆమె అన్నదమ్ములు వచ్చారు. సాక్ష్యం నాడు కట్టుకున్న పట్టుచీరే కట్టి పెట్టెలో పెట్టాం.

ఆదివారం నేను మందిరంలో నిలబడ్డాను. మైకు అక్కర్లేకపోయింది, అంత నిశ్శబ్దంగా ఉంది. ఫలానా ఆదివారం ఈ పక్క గదిలో నేను రెండో పేజీ కూడా చదివాననీ, చదివీ మొదటి వరుసే చెప్పాననీ, ఆమె ఆసుపత్రికి పోకపోవడానికి కారణం ఆమె విశ్వాసం కాదు, నా అబద్ధమనీ చెప్పాను. ఆమెకు రావాల్సిన ఏడాదో రెండేళ్ళో నేను తీసేసుకున్నానని చెప్పాను. ఎవరైనా లేచి తిడతారని కాచుకున్నాను. తిట్టాలని ఎంతగానో కోరుకున్నాను.

"దుఃఖంలో మాట్లాడతాందిలే పాపం" అని వెనక వరుసలోంచి ఎవరో అన్నారు.

యల్లక్క లేచి వచ్చి నన్ను రెండు చేతులా పొదివి పట్టుకుంది. "నీ తప్పేం లేదు తల్లీ. అంతా దేవుని చిత్తం. నువ్వు ఎంత చేస్తివి ఆమెకు" అంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె అంత మెత్తగా మాట్లాడటం అదే మొదలు. నేనే నేర్పాను కదా. ఆడవాళ్ళంతా నా చుట్టూ చేరి కన్నీళ్ళు తుడిచారు. నేను నిజం నిజం అంటున్నకొద్దీ వాళ్ళు ఓదార్పు మీద ఓదార్పు కప్పుతూ పోయారు. కాసేపటికి నా మాట నాకే వినపడలేదు. అయ్యగారు ప్రసంగం చేయలేదు. రెండో పేజీ చూపించమని తాను అడిగి ఉండాల్సిందని మాత్రం అన్నారు, ఆశీర్వాదం చెప్పి పంపేశారు.

మా అన్నకు మాత్రం వినపడింది. నేను మాట్లాడుతుండగానే లేచి బయటికి వెళ్ళిపోయాడు. మేం ఇల్లు చేరేసరికి డ్యూటీకి పోయి ఉన్నాడు. ఆ తర్వాత ఇన్ని నెలల్లో నాతో అన్నం ఉందా, తాళం ఎక్కడ అనే మాటలు తప్ప మాట్లాడలేదు. నాయన పోయినప్పుడు అన్న మాట ఈసారి కూడా అంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. అనడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం వదిన బీరువా ముందు రేఖ నేల మీద కూర్చుని ఉంది. దువ్వెనా, నూనె సీసా ఒళ్ళో పెట్టుకుంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. తల దువ్వనా అంటే వద్దని తలూపింది.

"ఆ పొద్దు నేను వాకిట్లోనే ఉంటి గదత్తా" అంది. "నువ్వు పేజీ తిప్పేది చూస్తి. నీ ముఖం గూడా చూస్తి. ఏమో ఉండాదని అనిపిచ్చె. నువ్వు ఏం లేదంటివి గదా అని మిద్దె మీదికి పోయి చదువుకుంటి."

మెత్తటి మాటలు చాలా వచ్చు నాకు. ఒక్కటీ నోటికి రాలేదు.

"అమ్మ దినామూ పిలుస్తాండె" అంది. నూనె సీసా మూత తిప్పుతూ, తిప్పుతూ, నా వైపు చూడకుండానే అంది.

"అప్పుడు రాయకున్నా, పరీక్షలు జూన్లో గూడా పెడ్తారు గదత్తా."